మసి కాదు, మాసిక కావాలి: 19వ శతాబ్దపు పనివాళ్ల బట్టల గురించి

(అమెరికాలో చరిత్ర ప్రదర్శనల్లో స్వచ్ఛందంగా పాల్గొనే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే నిద్ర మానుకుని పాత బట్టల గురించి వినడానికి వచ్చారంటే మీరు మామూలువాళ్లు కారు. మీలో చాలామంది వచ్చే వేసవిలో చరిత్ర ప్రదర్శనల్లో 19వ శతాబ్దపు పనివాళ్ల వేషాల్లో నిలబడబోతున్నారు. ఒకరు కమ్మరి, ఒకరు వడ్రంగి, ఒకరు యంత్రశాల మెకానిక్. ముందుగా ఒక్క విన్నపం. దయచేసి ముఖానికి మసి పూసుకోకండి.

(నవ్వులు)

మీరు నవ్వుతున్నారు గానీ ప్రతి ప్రదర్శనలోనూ ఒకరైనా ఇలా తయారవుతారు. చెంప మీద మసి, చిరిగిన వెయిస్ట్‌కోటు, ప్యాంటు మోకాలి దగ్గర కత్తెరతో చేసిన చిరుగు. పనివాడంటే పేదవాడు, పేదవాడంటే చినిగిన గుడ్డలు అన్నది మన లెక్క. 1850లలో ఫిలడెల్ఫియాలోనో బోస్టన్‌లోనో పని నేర్చిన కమ్మరికి ఈ లెక్క చెబితే సమ్మెట తీసుకుని వెంటపడతాడు. అప్పట్లో మెకానిక్ అంటే యంత్రాలు బాగుచేసేవాడే కాదు. వడ్రంగి, తాపీమేస్త్రి, జీను కుట్టేవాడు, కమ్మరి, ఇలా చేతిపని నేర్చిన వాళ్లందరూ ఆ పేరు కిందికే వచ్చేవారు. వాళ్లకు సంఘాలు ఉండేవి, ఊరేగింపుల్లో తమ వృత్తి జెండా పట్టుకుని నడిచేవారు. బట్ట ఖరీదైన రోజులవి. చిరిగితే మాసిక వేసేవారు, మాసిక అరిగితే దాని మీద ఇంకొకటి. అన్నిటికన్నా ముఖ్యం, తిరిగే యంత్రం పక్కన వేలాడే గుడ్డపేలిక ఉంటే చెయ్యి పోతుంది. కాబట్టి మీకు పాతదనం కావాలంటే చిరుగు పెట్టకండి, మాసిక వేయండి. ఆ మాసిక కూడా ఆ పనిలో బట్ట ఎక్కడ అరుగుతుందో అక్కడే పడాలి. నేల మీద మోకాలు ఆనించి పనిచేసే వడ్రంగికి మోకాళ్ల దగ్గర, పొద్దస్తమానం పీట మీద కూర్చుని బూట్లు కుట్టేవాడికి వెనక భాగంలో.

సరే, వాళ్లు ఏం వేసుకునేవారో మనకు ఎలా తెలుస్తుంది? పెళ్లి బట్టలు, పట్టు గౌన్లు పెట్టెల్లో దాచుకున్నారు కాబట్టి మ్యూజియాలకు చేరాయి. పని చొక్కాను ఎవరు దాస్తారు? అరిగేదాకా తొడిగి, ఆ తర్వాత నేల తుడిచి, చివరికి పాతగుడ్డల వాడికి అమ్మేసేవారు. ఆ గుడ్డలతో కాగితం చేసేవారు. ఉన్ని గుడ్డలైతే ఇంగ్లండులో బాట్లీ, డ్యూస్‌బరీ ఊళ్లలోని మిల్లుల్లో చీల్చి మళ్లీ దారం తీసేవారు, దాన్నే షాడీ అనేవారు. అమెరికా అంతర్యుద్ధం (1861-65) మొదటి నెలల్లో సైనికులకు ఆ నాసిరకం బట్టతో కుట్టిన యూనిఫారాలు వానకు ఊడిపోయి పెద్ద రభస అయింది.

అందుకని మనకు ప్రధాన ఆధారం ఫొటోలే. 1839లో డాగెరోటైప్, అంటే వెండి పూత పూసిన రాగి రేకు మీద తీసే ఫొటో, వచ్చింది. 1856లో పేటెంటు అయిన టిన్‌టైప్, అంటే పల్చటి ఇనుప రేకు మీద తీసే ఫొటో, కొద్ది సెంట్లకే దొరికే రోజు తొందరలోనే వచ్చింది. ఆ కాలపు పనివాళ్లకు ఒక ముచ్చట ఉండేది. పనిముట్లు చేతపట్టుకుని స్టూడియోలో ఫొటో దిగేవారు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి, ఇంట్లో కూర్చుని పెద్దవి చేసుకుని చూడవచ్చు.

చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త. డాగెరోటైప్, టిన్‌టైప్ రెండూ అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు తారుమారై వస్తాయి. కమ్మరి ఎడమచేత్తో సుత్తి పట్టుకుని, కోటు గుండీలు ఆడవాళ్ల బట్టల్లో ఉండే వైపున పెట్టుకుని కనిపిస్తే, అతను ఎడమచేతివాటం మనిషి అని తేల్చేయకండి. ముందు ఫొటోను తిప్పి చూడండి.

అంతకన్నా పెద్ద చిక్కు రంగు. ఆనాటి ఫొటో పలకలకు నీలి కాంతి ఇట్టే అంటుకునేది, ఎరుపు, పసుపు దాదాపు అంటేవే కావు. దాంతో లేత నీలం చొక్కా ఫొటోలో తెల్లగా పడుతుంది, ఎర్ర ఫ్లానెల్ చొక్కా నల్లగా పడుతుంది. ఈ సంగతి తెలియక ఫొటోలు చూసి బట్టలు కుట్టించుకున్నవాళ్లు తెలుపు, నలుపు, మధ్యలో బోలెడంత గోధుమరంగు దగ్గర ఆగిపోయారు. ప్రదర్శనకు వెళితే అందరూ ఒకే మట్టి గోతిలోంచి లేచి వచ్చినట్టు ఉంటారు. నిజానికి ఆ పనివాళ్లకు రంగులంటే ప్రాణం. ఇంగ్లండులో రైలు కట్టలు వేసిన కూలీలు మోల్‌స్కిన్ అనే దట్టమైన నూలు బట్ట ప్యాంటు మీద ముతక కాన్వాసు చొక్కా, దానిపై మఖమల్ లాంటి వెల్వెటీన్ కోటు వేసి, మెడకు కళ్లు జిగేల్‌మనే రుమాలు చుట్టి, అంచు పైకి మడిచిన తెల్ల ఫెల్ట్ టోపీ పెట్టుకుని తిరిగేవారు. అమెరికా పనివాడి చొక్కా అంటే నీలం గళ్లు, నీలం తెలుపు చారల హికరీ బట్ట, ఎర్ర ఫ్లానెల్.

ఇక్కడ మన ఊళ్ల ప్రస్తావన రాకుండా ఉండదు. ఆ నీలం అంతా నీలిమందు. జర్మనీలో బాస్ఫ్ కంపెనీ 1897లో కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టేదాకా ప్రపంచానికి నీలం మొక్క నుంచే వచ్చేది. అందులో సింహభాగం బెంగాల్, బీహార్ నుంచి. మన కడప, నెల్లూరు, కర్నూలు రైతులు పండించినది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కేది. మెడరుమాళ్లదీ అదే దారి. పులికాట్ పేరుతో వెళ్లిన గళ్ల రుమాళ్లకు ఎంత గిరాకీ ఉండేదంటే, 18వ శతాబ్దం చివరికే స్కాట్లండు మగ్గాల మీద వాటికి నకళ్లు నేసేవారు. కాబట్టి మీ మెకానిక్ మెడలో గళ్ల రుమాలు చుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చిత్రకళ కూడా ఆధారమే, కాకపోతే చిత్రం గీయించుకునేవాడు బాగా కనబడాలనుకుంటాడు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఒక పెద్ద చిత్రం ఉంది. పాట్ లయన్ అనే ఫిలడెల్ఫియా కమ్మరిది, 1826-27లో జాన్ నీగిల్ గీశాడు. లయన్ కథ విచిత్రమైనది. 1798లో ఒక బ్యాంకులో దొంగతనం జరిగింది. ఆ ఖజానా తలుపుల పని చేసినవాడు లయన్, కాబట్టి దొంగ అతనే అన్నారు. ఆ సమయంలో అతను అసలు ఊళ్లోనే లేడు. తనంతట తాను తిరిగి వచ్చి సంజాయిషీ చెప్పుకుంటే వాల్‌నట్ స్ట్రీట్ జైల్లో పడేశారు. అసలు దొంగ దొరికాక కూడా కొంతకాలం లోపలే ఉంచారు. ఆ తర్వాత దావా వేసి నష్టపరిహారం రాబట్టాడు, అగ్నిమాపక యంత్రాలు తయారుచేసి బాగా సంపాదించాడు. ముసలితనంలో చిత్రకారుణ్ణి పిలిచి, నన్ను పెద్దమనిషిలా గీయవద్దు, కొలిమి దగ్గర పనిచేస్తున్న కమ్మరిగా గీయి అన్నాడు. చిత్రంలో కిటికీలోంచి ఆ జైలు బురుజు కనిపిస్తుంది, చూసుకోండి ఎంత కసో!

ఆ చిత్రాన్ని బట్టల కోసం చూడండి. తెల్ల చొక్కా మెడ దగ్గర తెరిచి ఉంది, చేతులు మోచేతి పైదాకా మడిచి ఉన్నాయి. ఛాతీ కింద నుంచి తోలు ఏప్రన్. కోటు లేదు. వేడి పని కదా. ఇంతవరకు ముత్యంలాంటి ఆధారం. ఇప్పుడు కిందికి చూడండి. కాళ్లకు తళతళలాడే బకిల్స్ ఉన్న బూట్లు! నిప్పురవ్వలు రాలే చోట ఏ కమ్మరీ అలాంటివి తొడగడు. ఆస్తిపరుడైన లయన్ అక్కడ బయటపడిపోయాడు. కమ్మరి వేషానికి ఈ చిత్రం చూసి చొక్కా, ఏప్రన్ తీసుకోండి, బూట్లు అక్కడే వదిలేయండి.

ఇక ఒంటి మీదికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చొక్కా. శతాబ్దం మధ్యదాకా పని చొక్కా అంతా చతురస్రాలు, దీర్ఘచతురస్రాలే. వంపు కత్తిరింపు దాదాపు ఉండదు. ఒళ్లు ఒక పొడవైన ముక్క, చేతులు రెండు ముక్కలు, చంక కింద చిన్న చతురస్రపు ముక్క. మన తాతల లాల్చీ ఎలా కుట్టేవారో గుర్తుంటే మీకు వేరే పాఠం అక్కర్లేదు. ఆ చంక ముక్క వల్లే చెయ్యి తలపైకి ఎత్తి సమ్మెట కొట్టినా చొక్కా నడుం దగ్గర పైకి లాగదు, కుట్టు పిగలదు. మెడ దగ్గర బట్టను కుచ్చులు పెట్టి పట్టీలోకి కుట్టేవారు. ముందు భాగం ఛాతీ దాకానే తెరుచుకుంటుంది, తల మీదుగా తొడగాలి. పొడవు తొడల దాకా. లోదుస్తులు లేనివాళ్లకు ఆ పొడుగు అంచే లోదుస్తు. భుజం కుట్టు ఈనాటిలా భుజం మీద ఉండదు, చేతి మీదికి జారి ఉంటుంది. ఫొటోలో ఆ జారుడు భుజం లేకపోతే ఎంత మంచి బట్ట వాడినా చూసేవాడికి ఏదో తేడాగా అనిపిస్తుంది. మూడు గజాల పైచిలుకు బట్టతో ముక్క వృథా కాకుండా చొక్కా వచ్చేస్తుంది. బజారులో దొరికే ముందంతా గుండీల చొక్కా వేసుకోకండి.

ఒక మర్యాద కూడా గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో చొక్కా లోదుస్తు కిందే లెక్క. వెయిస్ట్‌కోటు లేకుండా వీధిలోకి రావడం బాగుండదు. కొలిమి దగ్గర, వేసవి ఎండలో విప్పేసి ఉండవచ్చు, కానీ భోజనానికి బయటికి వచ్చినప్పుడు పైన ఏదో ఒకటి తొడుక్కోండి. బ్రిటన్‌లో కొందరు పనివాళ్లకు చేతులున్న వెయిస్ట్‌కోటు ఉండేది. ముందు ఫస్టియన్ అనే దట్టమైన ముతక నూలు బట్ట గానీ కార్డురాయ్ గానీ, వెనకా చేతులకూ పల్చటి బట్ట.

ఫస్టియన్ అన్నాను కాబట్టి ఒక్క మాట. బ్రిటన్‌లో అది పనివాడి బట్ట, అంతే కాదు అతని జెండా కూడా. ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టుల నాయకుడు ఫెర్గస్ ఓకానర్ 1841లో యార్క్ జైలు నుంచి విడుదలైనప్పుడు ఫస్టియన్ సూటు తొడుక్కుని బయటికి వచ్చాడు. పుట్టుకతో భూస్వామి కుటుంబం వాడు. చూస్తున్న జనానికి ఆ బట్ట ఏం చెబుతోందో వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ప్యాంటు గురించి ఎక్కువ చెప్పను. నడుం బొడ్డు దగ్గర ఉండాలి, పిరుదుల దగ్గర వదులుగా ఉండాలి, వెనక బిగించుకునే చిన్న పట్టీ ఉండాలి. బెల్టు ఉచ్చులు వద్దు, సస్పెండర్లకు, అంటే భుజాల మీదుగా ప్యాంటును పట్టి ఉంచే పట్టీలకు, గుండీలు పెట్టండి. జిప్పు వద్దేవద్దు. ఇస్త్రీ మడత గీత కూడా వద్దు, అది శతాబ్దం చివరి ఫ్యాషన్. అమెరికాలో జీన్ అనే బట్ట బాగా వాడేవారు, నూలు పడుగు, ఉన్ని పేక. అది నేటి జీన్స్ కాదు. రాగి రివెట్లున్న ప్యాంటుకు నెవాడాలోని రీనో పట్టణపు దర్జీ జేకబ్ డేవిస్, శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్ కలిసి పేటెంటు తీసుకున్నది 1873 మే 20న. అంతర్యుద్ధం నాటి ప్రదర్శనకు రివెట్లున్న ప్యాంటుతో వచ్చే మనిషిని ఏటా చూస్తూనే ఉన్నాను. ఆయన ఈ సభలో లేరని అనుకుంటున్నాను.

(నవ్వులు)

వృత్తిని చూపించేది ఏప్రన్, టోపీ. కమ్మరికి తోలు. గుర్రాలకు నాడాలు కొట్టేవాడి తోలు ఏప్రన్ మధ్యలో చీలి ఉంటుంది, గుర్రం కాలును తొడల మధ్య ఇరికించుకోవాలి కదా. వడ్రంగికీ తాపీమేస్త్రికీ తెల్లటి ముతక గుడ్డ. టోపీల్లో నాకు ముద్దొచ్చేది కాగితం టోపీ. అచ్చుపని వాళ్లు, వడ్రంగులు, రాతి పనివాళ్లు ఒక కాగితం తీసుకుని చతురస్రపు పెట్టెలా మడిచి తలకు పెట్టుకునేవారు. రంపపుపొట్టు, సిరా, ధూళి జుట్టులో పడకుండా. మాసిపోతే పారేసి ఇంకొకటి మడుచుకోవడమే. పైసా ఖర్చు లేదు, పిల్లలు ఎగబడి నేర్చుకుంటారు. మీ బల్ల దగ్గర జనం చేరాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

యంత్రశాల మెకానిక్ సంగతి వేరు. పైకప్పు కింద పొడవాటి ఇరుసు ఆవిరి ఇంజనుతో తిరుగుతూ ఉంటుంది. దాని నుంచి తోలు బెల్టులు ఒక్కొక్క యంత్రం మీదికి దిగుతాయి. వాటి చుట్టూ రక్షణగా ఏ అడ్డూ ఉండేది కాదు. అందుకే అతని కోటు పొట్టిగా ఉంటుంది, చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా గానీ మోచేతి పైకి మడిచి గానీ ఉంటాయి, మెడరుమాలు కొసలు చొక్కాలోకి దోపి ఉంటాయి. మీరు ప్రదర్శనలో నిజంగా లేత్ (ముక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) తిప్పబోతున్నట్టయితే ఇది చరిత్ర కోసం కాదు, మీ మెడ కోసం పాటించండి.

ఇక బూట్లు. మిస్సోరీ నదిలో 1856 సెప్టెంబరులో అరేబియా అనే ఆవిరి పడవ చెట్టు మొద్దుకు తగిలి మునిగిపోయింది. సరిహద్దు పట్టణాల దుకాణాలకు సరుకు తీసుకెళుతున్న పడవ అది. ఆ తర్వాత నది దారి మార్చుకుంది. 1987లో ఒక పొలం కింద, సుమారు 45 అడుగుల లోతున పడవను కనుక్కుని, 1988-89లో తవ్వి తీశారు. వేల కొద్దీ బూట్లు బయటపడ్డాయి, గాలి తగలని బురదలో తోలు చెక్కుచెదరలేదు. ఉన్ని బట్టలూ మిగిలాయి. కానీ వాటిని కుట్టిన నూలు దారం కరిగిపోయింది. అంటే కోటు ముక్కలు ముక్కలుగా దొరికింది, మళ్లీ కుట్టాల్సి వచ్చింది. నూలు బట్టలైతే బొత్తిగా లేవు, గుండీలు మాత్రం మిగిలాయి. తవ్వకాల్లో దొరికిన వాటిని బట్టి అందరూ ఉన్నే వేసుకునేవారని ఎవరైనా వాదిస్తే ఈ పడవ కథ చెప్పండి.

పని బూట్లు చీలమండ దాకా ఉండే తోలు బూట్లు. అట్టను చాలావాటికి చిన్న చెక్క మేకులతో బిగించేవారు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లు పనివాళ్లు కింద ఇనుప పట్టీ కొట్టిన చెక్క అడుగుల క్లాగ్స్ వేసేవారు. తెల్లవారుజామున అందరూ మిల్లుకు బయలుదేరితే వీధి వీధంతా టకటకలాడేది.

ఇప్పుడు ఒక బరువైన విషయం. మెకానిక్ అనగానే మనం తెల్లజాతి స్వతంత్రుణ్ణే ఊహించుకుంటాం. అమెరికా దక్షిణాన కమ్మరులు, వడ్రంగులు, తాపీ పనివాళ్లలో ఎందరో బానిసలు. దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నగరంలో యజమాని తన బానిసను కూలికి పంపాలంటే నగరం దగ్గర ఏటా ఒక రాగి బిళ్ల కొనాలి. ఆ బిళ్ల ఆ మనిషి ఒంటి మీద ఉండాలి. దాని మీద నగరం పేరు, సంవత్సరం, ఒక సంఖ్య, వృత్తి. నౌకరు, కూలీ, చేపలవాడు, మెకానిక్. మనిషి పేరు మాత్రం ఉండదు. అంతర్యుద్ధం దాకా ఇది నడిచింది, ఆ బిళ్లలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ మనుషులకు ఇచ్చే ముతక బట్టలో కొంత ఉత్తరాదిన రోడ్ ఐలండ్ మిల్లుల్లో ప్రత్యేకంగా నేయించినదే. బానిసత్వం లేని రాష్ట్రంలో నేసి, బానిసల యజమానులకు అమ్మేవారు. మీ ప్రదర్శన దక్షిణాది ఊరిదైతే, కమ్మరి కొలిమి పెట్టి ఈ మాట ఎత్తకుండా వచ్చేయడం నాకు సబబుగా తోచదు. వేషం వేయమని కాదు, అడిగినవాళ్లకు చెప్పమని.

చివరగా నిప్పు. దుకాణంలో చూడ్డానికి పాతకాలపు బట్టలా ఉండే పాలియెస్టర్ మిశ్రమం కొని కొలిమి దగ్గరికి వెళ్లకండి. ఉన్ని నిప్పు పడితే మాడుతుంది, మంట నిలవదు. నూలు అంటుకుంటుంది, కానీ దులపవచ్చు. పాలియెస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ప్యాంటు అంచు పైకి మడవకండి, ఎర్రగా కాలిన ఇనుప పొట్టు అందులో పడి కూర్చుంటుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: చేత్తో కుట్టాలా, మిషను మీద కుట్టవచ్చా?)

మీ ప్రదర్శన ఏ సంవత్సరానిదో చూడండి. ఎలియాస్ హోవ్ కుట్టుమిషను పేటెంటు 1846, సింగర్‌ది 1851. 1830ల ఊరైతే కనిపించే కుట్టంతా చేత్తోనే ఉండాలి. 1860లైతే దుకాణంలో కొన్న చొక్కాకు పొడవాటి కుట్లు మిషనువి కావచ్చు. కాజాలు మాత్రం ఎప్పుడైనా చేత్తోనే కుట్టండి. గుండీలు ఎముకవి, కొమ్మువి, లోహానివి వాడండి. తెల్ల పింగాణీ గుండీలు 1840లో ప్రాసర్ అనే అతను వాటికి పేటెంటు తీసుకున్న తర్వాతివి. ప్లాస్టిక్ గుండీ పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

(మరో శ్రోత: అన్నీ ఒకేసారి కొనలేం. దేనితో మొదలుపెట్టాలి?)

ముందు ఏమీ కొనకండి. ఒక ఊరు, ఒక సంవత్సరం, ఒక వృత్తి ఖాయం చేసుకోండి. ఆ తర్వాత డబ్బంతా బూట్ల మీద పెట్టండి, ఎందుకంటే వాటిని ఇంట్లో చేసుకోలేరు, రోజంతా నిలబడేది వాటి మీదే. చొక్కా మీరే కుట్టుకోండి. ప్యాంటు, వెయిస్ట్‌కోటు మొదటి ఏడాది మీ మ్యూజియంలో అరువు దొరుకుతాయేమో అడగండి. చేతి గడియారం, ప్లాస్టిక్ కళ్లజోడు తీసి లోపల పెట్టండి. చొక్కా కత్తిరింపు కొలతలు వెనక బల్ల మీద ఉన్నాయి, కాగితం టోపీ మడవడానికి పాత పత్రికలు కూడా పెట్టాను. కాఫీ అయ్యాక అక్కడికే రండి, మడుద్దాం.